రాతిపొడిలో ప్రాణి

అక్క బస్సు దిగి, ఆటో ఎక్కకుండా, సంచి నెత్తిన పెట్టుకుని మా ఇంటికి నడిచి వచ్చింది. సూర్యాపేట బస్టాండు నుంచి మా గల్లీకి అంత దగ్గరేమీ కాదు. ఆటో కుదుపులకు లోపలివి పగులుతాయని ఆమె భయం. సంచి నిండా వాళ్ల ఊరి గుట్ట రాయిని రోట్లో దంచి జల్లించిన పొడి, ఆ పొడిలో కోడిగుడ్లు. తమ్ముడి ఇంటికి వట్టి చేతులతో రావడం మా అక్క ఎరగదు. మామూలుగా గుడ్లను ఊకలోనో తవుడులోనో దాచి తెస్తుంది. ఈసారి ఎట్లాగూ పొడి మోస్తోంది కాబట్టి అందులోనే పెట్టేసింది.

"ఒక్కటన్న పగిలిందా సూడు మరదలా," అంది మా ఆవిడతో. "రాతిపిండి పరుపు లెక్కుంటది. దీని ముంగట ఊక దేనికి పనికొస్తది."

మా ఆవిడ గుడ్లన్నీ ఏరి, కడిగి, గిన్నెలో పెట్టింది. నేను సంచి మూతి కట్టి నా బల్ల కింద పెట్టుకున్నాను.

ఆ పొడి ఎందుకు తెచ్చిందో చెప్పాలి. అక్కను ఇచ్చిన ఊరు కోదాడ దాటాక, సున్నపురాయి నేల మీద ఉంది. వాళ్ల ఇల్లూ నాలుగెకరాల పొలమూ ఒకచోటే. వాటికి పడమర, ఉత్తరం, దక్షిణం సిమెంటు కంపెనీ తవ్విన గుంతలే. తూర్పున గుట్ట. గుట్ట వాలు మీదుగా ఒక బండ్ల బాట. ఊళ్లోకి పోవాలన్నా, బావ గొర్లను మేతకు తోలాలన్నా, ఎవరికైనా ఒంట్లో బాగాలేక దవాఖానకు తీసుకుపోవాలన్నా ఆ బాటే దిక్కు. ఇప్పుడు కంపెనీ ఆ గుట్టను కూడా లీజుకు అడిగింది. గుట్ట పోతే బాట పోతుంది. దారిలేని పొలాన్ని కొనడానికి కంపెనీ తప్ప ఇంకొకరు రారు. వాళ్లు ఏ ధర చెబితే ఆ ధర. త్వరలో ఊళ్లో ప్రజాభిప్రాయ సభ పెడతామని పంచాయతీ ఆఫీసు గోడకు కాగితం అంటించారు.

ఆ కాగితం ముందు నిలబడి మాజీ సర్పంచ్ ఒక మాట అన్నాడట. గుట్ట రాయిలో పాతకాలపు ప్రాణులేమైనా ఉన్నట్టు తేలితే సర్కారు ఒకసారి ఆగి చూడక తప్పదని. అది ఎంతవరకు నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ అక్క అక్కడే ఉంది. "మా తమ్ముడు చేసే పని గదే," అంది.

అది నా పని కాదు. నా పని ఇళ్లు కట్టేవాళ్లకు అంచనాలు వేయడం. పునాదికి ఎంత మట్టి తీయాలి, గోడకు ఎన్ని ఇటుకలు పడతాయి, ఇసుక ఎన్ని ట్రిప్పులు అనేవి చెబుతాను. చదివింది పదో తరగతి. లెక్కలు మేస్త్రీల పక్కన నిలబడి నేర్చుకున్నాను, లెక్క తప్పినచోట మళ్లీ కట్టించి నేర్చుకున్నాను.

ప్రాణుల పిచ్చి మిర్యాలగూడలో పట్టుకుంది. ఒక రైస్‌మిల్లు యజమాని కొత్త ఇంట్లో రాజస్థాన్ నుంచి తెప్పించిన పసుపురంగు బండలు పరుస్తున్నారు. పాలిష్ పట్టిన బండల మీద గోధుమరంగు మచ్చలు బయటపడ్డాయి. కొన్ని గుండ్రం, కొన్ని కోల, కొన్ని సన్నటి కడ్డీల్లా ఉన్నాయి. మేస్త్రీ వాటిని మూడు రకాల మరకలన్నాడు. కోతలో ఎంత బండ వృథా పోతుందో లెక్క చూడడానికి నేను నేల మీద వంగి కూర్చుని ఉన్నాను. చేతిలో టేపు ఉంది కదా అని వాటినీ కొలిచాను. గుండ్రాల అడ్డం కొలతా, కడ్డీల పొడవూ ఒకటే వచ్చాయి. మళ్లీ కొలిచినా అంతే. అంటే మూడు రకాలు కాదు. మసూర్ పప్పు ఆకారంలో ఉన్న ఒకే రకం వస్తువు, ఒక్కొక్కటి ఒక్కో పక్కకు ఒరిగి ఉండగా రంపం దాన్ని కోసుకుపోయింది. తర్వాత ఫోన్లో వెతికితే అవి ఎప్పుడో సముద్రంలో బతికిన ప్రాణుల గుల్లలని తెలిసింది. ఆ ఇంటివాళ్లు ఇప్పటికీ వాటిమీదే చాప వేసుకుని భోంచేస్తారు.

అక్కడి నుంచి వదల్లేదు. మూతపడిన ఒక కాలేజీ సామాను పాత ఇనుము దుకాణానికి వస్తే అందులో మైక్రోస్కోపు దొరికింది. వంటింటి కిటికీ పక్కన బల్ల వేసుకున్నాను. పొడిని చాకలి సోడా కలిపిన నీళ్లలో నానబెడతాను. బురద నీళ్లు మెల్లగా ఒంపేసి, అడుగున మిగిలినదాన్ని పెళ్లి పత్రికలు అచ్చువేసే దుకాణం నుంచి తెచ్చిన సన్నటి జాలి గుడ్డలో వడకడతాను. ఎండలో ఆరబెట్టి, నల్ల కాగితం మీద చల్లి, కటకం కింద వరసవరసగా చూసుకుంటూ పోతాను. ఏదైనా కనిపిస్తే తడి కుంచె కొనతో అంటించి పక్కకు తీస్తాను. ఫోటో తీయడమే కష్టం. ఇసుక రేణువంత వస్తువుకు కూడా ఎత్తుపల్లాలుంటాయి. పైభాగం స్పష్టంగా ఉంటే అంచులు మసకబారతాయి. అందుకని ఫోనును కటకానికి బిగించి, పక్కనుంచి చిన్న లైటు వేసి, మరను కొంచెం కొంచెం తిప్పుతూ పైనుంచి కిందికి ముప్ఫై దాకా ఫోటోలు తీసి, స్పష్టమైన ముక్కలన్నీ కలిపి ఒకటి చేస్తాను. పక్కన స్టీలు స్కేలు గీత కూడా అదే కొలతలో తీస్తాను. అది లేకపోతే ఫోటో ఎంత అందంగా ఉన్నా నాకు నిద్ర పట్టదు.

అక్క పొడిలో మొదట ఏమీ కనిపించలేదు. మూడో చెంచాలో కనిపించింది.

అర మిల్లీమీటరు కంటే తక్కువ. తెల్లగా, చుట్ట చుట్టుకుని, గదులు గదులుగా ఉంది. చివరి చుట్టులో తొమ్మిది గదులు. ఒక్కో గది ముందుదాని కంటే కొంచెం పెద్దది. ఇలాంటిది పెరిగినప్పుడల్లా ఒక కొత్త గది కట్టుకుంటుందని చదివాను. ఆ తర్వాత ఇంకో మూడు చుట్టలు, చిక్కుడు గింజలా రెండు చిప్పలున్నది ఒకటి, విరిగిన నత్తగుల్ల కొన ఒకటి దొరికాయి. తీసిన ఫోటోల్లో మంచిదాన్ని అక్కకు పంపి, "దొరికింది" అని ఒక్క మాట పెట్టాను.

అక్క నుంచి గొంతు సందేశం వచ్చింది. "గిది సంక్రాంతి సకినం లెక్కున్నది కదరా. సర్పంచ్‌కు సూపించిన. ఆయన కండ్లు ఇంతింత చేసిండు."

ఫోన్లో ఇలాంటి ఫోటోలు పంచుకునే గ్రూపు ఒకటి ఉంది. అందులో రిటైరైన ఒక మేడం ఉన్నారు. జీవితమంతా ఇవే చదివి, ఇవే పాఠం చెప్పిన మనిషి. నేను ఏది పెట్టినా చూసి ఒక మాట రాస్తారు. అదే ఫోటోను ఆమెకు పంపి, ఊరు, రాయి వివరాలు రాశాను. సాయంత్రానికి జవాబు వచ్చింది. ఫోటో బాగుంది, కొలత పెట్టడం ఇంకా బాగుంది అన్నారు. "కానీ మీ దగ్గరి సున్నపురాయి గుల్ల కట్టుకునే ప్రాణులు భూమి మీద పుట్టకముందే పేరుకున్న రాయి. అందులో ఇది ఉండకూడదు. పొడిలో దొరికినదాన్ని నమ్మకండి. రాయిలో చూపించండి."

అక్కకు ఆ మాట చెప్పలేదు. బావకు ఫోన్ చేసి గుట్ట రాళ్లు రెండు కావాలన్నాను. ఆయన వాటిని బస్సు డ్రైవరుకు ఇచ్చి పంపాడు. పెచ్చులు తీసి, గాజు పలకల మీద బంకతో అంటించి, బండలు పాలిష్ చేసే పొడితో వెలుతురు దూరేంత పలచగా అరగదీశాను. అట్లాంటి పలకలు పది చేశాను. అన్నింట్లోనూ వంకీలు వంకీలుగా సన్నటి గీతలే ఉన్నాయి. చుట్ట లేదు, గది లేదు, గుల్ల ముక్క కూడా లేదు.

అప్పుడు సంచిని అనుమానించాను. ఇంతవరకు చెంచా పైనుంచే ముంచుతున్నాను. ఈసారి సంచి పక్కన కోసి, అడుగు నుంచి, నడుమ నుంచి, పై నుంచి వేరువేరుగా పొడి తీశాను. పైనుంచి జానెడు లోతు వరకు ప్రాణులున్నాయి. ఆ కింద ఒక్కటీ లేదు. రాయిలోనైతే ఒక పొరలో ఉండి ఇంకో పొరలో లేకపోవచ్చు. రోట్లో దంచి, జల్లించి, కలిపి పోసిన పొడికి పైపొర, కిందిపొర ఉండవు.

"గుడ్లు ఎంత లోతులో ఉన్నాయి?" అని మా ఆవిడను అడిగాను.

"ఎంత లోతేంది, పైన్నే ఉన్నయి. జానెడు తవ్వితె అన్ని దొరికినయి," అంది. మళ్లీ తనే, "ఎందుకు?" అంది. ఇంకా చూడవలసింది ఒకటుందన్నాను.

ఈలోగా ఊరు నన్ను వదలడం మానేసింది. మాజీ సర్పంచ్ రోజూ ఫోన్ చేశాడు. ఆయనది పొలాలూ పెట్రోలు బంకూ ఉన్న కుటుంబం. మాట మర్యాదగా ఉంటుంది. "మీరు సభకు రావాలండి. కారు పంపుతాం," అన్నాడు. బస్సులో వస్తానన్నాను. "బస్సేంటండీ, మా ఊరి కోడలి తమ్ముడు, సైంటిస్టు, బస్సులో దిగితే మాకు మర్యాదా?" నేను సైంటిస్టును కాదన్నాను. "మీ వినయం మాకు తెలుసండి," అని పెట్టేశాడు. కాదు అని ఎన్నిసార్లు అన్నా ఆయన చెవిలో అది వినయంగానే పడింది.

సభకు ముందురోజు కారు రాకముందే లేచి బస్సెక్కాను. మునగాల దాటాక పొలాల్లో కోత మిషన్లు తిరుగుతున్నాయి. బస్సులో కూర్చుని చెప్పాల్సిన మాట మనసులో నాలుగు రకాలుగా కట్టుకున్నాను. కోదాడలో షేర్ ఆటో మారి, ఊరి మలుపులో దిగేసరికి ఆ నాలుగూ పోయాయి. మలుపు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. నా ప్రాణి దాని మీద బండి చక్రమంత ఉంది. తొమ్మిది గదులూ దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. కింద "మా గుట్టలో కోట్ల ఏండ్ల జీవం, మా గుట్టను ముట్టొద్దు" అని ఎర్రక్షరాలు. నేను పక్కన పెట్టిన స్కేలు గీతను మాత్రం తీసేశారు.

హోటల్ ముందు కూర్చున్న ఇద్దరు ముసలివాళ్లు నన్ను గుర్తుపట్టారు. "గా సకినపోడు వచ్చిండు," అన్నాడు ఒకాయన. ఇంకొకాయన లేచి బెంచీ మీద చోటిచ్చాడు. టీ తాగకుండా పోనివ్వలేదు. డబ్బులు తీసుకోలేదు.

అక్క ఇంటికి బాట మీద నడిచి వెళ్లాను. ఒకవైపు గుట్ట, ఇంకోవైపు పాత గుంత అంచు. గుంత అడుగున నీళ్లు ఆకుపచ్చగా నిలిచి ఉన్నాయి. అక్క వాకిట్లో లేదు. ముందుగా కోళ్ల కొట్టంలోకి వెళ్లాను. రెండేండ్ల నుంచి ఆమె నాటుకోళ్లు పెంచుతోంది. గుడ్లు పెట్టే గంపల్లో అరచేతితో తడిమితే తెల్లటి పొడి అంటింది. గుడ్డు పెంకు గట్టిపడాలని కోదాడలో దాణా దుకాణంవాడు ఇచ్చే ఆల్చిప్పల పొడి అది. కోళ్లకు దాణాలో కలపగా మిగిలినదాన్ని పురుగు పట్టకుండా గంపల కింద కూడా చల్లుతుంది. సంచి మీద సముద్రం ఒడ్డు ఊరి పేరు అచ్చువేసి ఉంది. జేబులోంచి చేతి భూతద్దం తీసి ఆ పొడిని గోరు మీద వేసుకుని చూశాను. ఎక్కువ వెతకాల్సిన అవసరం రాలేదు. చిప్ప ముక్కల మధ్య తెల్లటి చుట్టలు, చిక్కుడు గింజలు, అన్నీ ఉన్నాయి.

"కోళ్లను గూడ ఫోటో తీస్తవా ఏంది," అంది అక్క వెనక నుంచి.

"అక్కా, గా ప్రాణి రాయిలది కాదు."

"మరి ఏడిది?"

"నీ కోళ్లది."

అక్క నవ్వింది. "కోడి కడుపుల సకినం పుడతదా?"

చెప్పాను. గుడ్లకు అంటుకున్న పొడి, ఆ పొడి వచ్చిన సముద్రపు ఒడ్డు, సంచిలో జానెడు లోతు, పది పలకలు, అన్నీ చెప్పాను. ఆమె నవ్వు మధ్యలో ఆగింది. వింటూ గంపలో చెయ్యి పెట్టి ఆ పొడిని చిటికెడు తీసి చూసింది. భూతద్దం ఇస్తే వద్దంది.

"ఎవలెవలకు జెప్పినవ్?"

"నీకే."

"ఇగ ఎవలకు జెప్పకు."

"రేపు మైకు ఇస్తరట."

"ఇస్తే దండం పెట్టి కూసో. గొంతు పోయిందను. ఊరంత ఆ బొమ్మ కిందికెళ్లి పోతున్నది తమ్మీ. నేను మందిల ఎట్ల నిలబడాలె?"

బావ గొర్లను దొడ్లో తోలి వచ్చి గడప మీద కూర్చున్నాడు. ఆయన దొడ్లోంచే మొత్తం విన్నాడు. మాట తక్కువ మనిషి. కాళ్లు కడుక్కుని, తువ్వాలతో మొహం తుడుచుకుని, అప్పుడు అన్నాడు.

"నిజం జెప్తే గుట్ట పోతది. అబద్ధం జెప్తే ఎవలో వచ్చి సూసి, ఓ రెండు నెల్లు ఆగి పోతది. గొర్లు సూడి మీదున్నయి. రెండు నెల్లు దొరికితే ఈతలయితయి, పిల్లలు నడుస్తయి. అప్పుడు ఎటన్న తోలుక పోత. ఇప్పుడు తోలలేను. లెక్కలోడివి గదా నువ్వు. ఏది లాభమో జెప్పు."

నేను కట్టుకున్న నాలుగు మాటల్లోనూ గొర్ల ఈతలు లేవు. అన్నం తిన్నాం. ఆ ఇంట్లో ఏ కిటికీ తెరిచినా గుంత కనిపిస్తుంది, ఒక్క తూర్పు కిటికీలోంచి తప్ప. నేను ఆ కిటికీ పక్కనే పడుకున్నాను. వెళ్లిపోదామని ఒకసారి అనిపించింది. వెళ్తే ఆ బాట మీదుగానే, ఆ ఫ్లెక్సీ కిందుగానే వెళ్లాలి.

మర్నాడు బడి మైదానంలో షామియానా వేశారు. బల్ల వెనక ముగ్గురు ఆఫీసర్లు. ఒక పక్క కంపెనీవాళ్లు, ఇంకో పక్క ఊరు. ఆడవాళ్లంతా ఎడమవైపు. అక్క ముందు వరుసలో కూర్చుంది, నా వైపు చూడకుండా. మాజీ సర్పంచ్ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి బల్లకు దగ్గరి కుర్చీలో కూర్చోబెట్టాడు. నా వెనక ఇంకో వరుస వేసేసరికి లేచి పక్కకు పోయే సందు కూడా లేకుండా పోయింది.

మాజీ సర్పంచ్ మాట్లాడాక కంపెనీ జియాలజిస్టు లేచాడు. కుర్రవాడు. గొంతు పెంచలేదు. ఫ్లెక్సీ వైపు చెయ్యి చూపించి, ఫోటో చాలా బాగా తీశారు అన్నాడు. "ఇలాంటివి ఈ రోజుకీ సముద్రపు ఇసుకలో దొరుకుతాయి. మా సర్వేలో మాకు కనిపించలేదు. మేం చూసింది తప్పు కావచ్చు. సార్ ఏ చోట తీశారో చూపిస్తే అందరం ఇప్పుడే వెళ్లి ఆ రాయి పగలగొట్టి చూద్దాం."

నడుమ కూర్చున్న ఆఫీసర్‌కు అది నచ్చింది. "దూరమా?" అని అడిగాడు. ఊరివాళ్లు కూడా లేచారు. "నడువుండ్రి సార్, గుట్ట గిదే గద," అన్నారు. వాళ్లకు అనుమానం లేదు. సమ్మెట తెమ్మని ఎవరో కేక వేశారు. నా చేతిలో మైకు పెట్టారు.

గొంతు పోయిందని చెప్పడానికి ఇక వీల్లేదు. చోటు చూపించమంటున్నారు. గుట్ట మీద ఏదో ఒక బండను వేలితో చూపించాలి, లేదా ఉన్నది చెప్పాలి. బండ చూపిస్తే, సమ్మెట దెబ్బకు అందులో ఏమీ లేదని మధ్యాహ్నం లోపు తేలుతుంది. ఆ తర్వాత అక్క బాట గురించి ఏం చెప్పినా, ప్రాణి లాగే అదీ అబద్ధమే అనుకుంటారు. లెక్క అంతవరకే వచ్చింది. బావ గొర్లను ఆ లెక్కలో ఎక్కడ వేయాలో తెలియలేదు. వేయకుండానే నోరు తెరిచాను.

"నేను రాయిలోంచి తీయలేదండి. పొడిలోంచి తీశాను. తర్వాత రాయిని కోసి చూశాను. రాయిలో లేదు. పొడిలోకి బయటి నుంచి వచ్చింది."

"బయటి నుంచి అంటే?" అన్నాడు ఆఫీసర్.

"కోళ్లకు వేసే ఆల్చిప్పల పొడిలోంచండి."

కంపెనీ వైపు ఎవరో నవ్వారు. "అయితే కోళ్లను ముట్టొద్దు అని రాయాల్సింది," అన్నాడు ఒకడు. ఊరివైపు నుంచి, "ఎవని కోళ్లురా అయి," అని ఒక గొంతు లేచింది. నేను మైకు దించాను. మాజీ సర్పంచ్ నా పక్క కుర్చీ లాక్కుని దూరంగా వేసుకున్నాడు.

అక్క లేచింది. నడుముకు కొంగు చుట్టి, వచ్చి నా చేతిలోంచి మైకు తీసుకుంది. నా మొహం చూడలేదు.

"కోళ్లు నావే. సంచిల గుడ్లు పెట్టింది గూడ నేనే."

"నువ్వే పెట్టినవా అత్తా," అని వెనక నుంచి ఎవడో అరిచాడు. జనం విరగబడి నవ్వారు. ఆఫీసర్ కూడా కలం పక్కన పెట్టి నవ్వాడు. అక్క నవ్వు ఆగేదాకా నిలబడింది.

"నవ్వుడు అయిందా. ఇగ నా బాట ముచ్చట రాసుకోండ్రి. మూడు దిక్కుల తవ్విండ్రు. ఉన్నది ఒక్క బాట. గా బాట మీద ఏ ప్రాణి లేదు సార్. నేనున్న, మా ఆయనున్నడు, గొర్లున్నయి. మేం ఎటు పోవాలెనో గంతవరకు జెప్పి, గుట్టను ఏం జేసుకుంటరో జేసుకోండ్రి."

ఆఫీసర్ కలం తీసుకున్నాడు. బాట వెడల్పెంత అని అడిగాడు. అక్క నా వైపు చెయ్యి చూపించి, "గాయిన్ని అడుగుండ్రి, కొలుసుడు గాయన పని," అంది. నేను చెప్పాను. ఆ రోజు ఆమె నా గురించి అన్న మాట అదొక్కటే. సాయంత్రం బస్సుకు వచ్చేటప్పుడు బాట మీద దిగబెట్టడానికి ఎవరూ రాలేదు. ఫ్లెక్సీని అప్పటికే విప్పేశారు. దాన్ని ఎవరో గడ్డివాము మీద కప్పారు, బొమ్మ లోపలికి పెట్టి.

లీజు ఇచ్చారు. బాటను వదలాలని అందులో ఒక షరతు పెట్టారు. ఆ బాట ఆమె మాట వల్ల మిగిలిందో, కంపెనీకి అడ్డం కాదు కాబట్టి మిగిలిందో నేను చెప్పలేను. బావ అడిగిన రెండు నెలలు దొరకలేదు. మేత లేక సూడి గొర్లను సగానికి పైగా తిరుమలగిరి వైపు చుట్టాల దగ్గరికి తోలాడు. దారిలో కొన్నింటికి కడుపులు పోయాయి. ఎన్నో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఊళ్లో మాజీ సర్పంచ్ నన్ను చూస్తే ఫోన్ చెవికి పెట్టుకుంటాడు. మేడంకు జరిగిందంతా రాశాను. "మంచి పని చేశారు," అని ఒక పువ్వు బొమ్మ పెట్టారు. దాన్ని అక్కకు చూపించలేదు.

ఇప్పుడు బాటకు రెండు వైపులా ఇనుప తీగ కంచె. అటు నుంచి గుట్టను కోసుకుంటూ వస్తున్నారు. తూర్పు కిటికీలోంచి కూడా ఇప్పుడు తెల్లటి కోతే కనిపిస్తుంది. మందు పేల్చే ముందు సైరన్ మోగుతుంది. అప్పుడు ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకోవాలి. మళ్లీ సైరన్ మోగితేనే బయటికి రావాలి. నేను నెలకోసారి పోతాను. మొన్న పోయినప్పుడు తిరుగు ప్రయాణానికి చెప్పులు వేసుకుంటుండగా సైరన్ మోగింది. బావ తలుపు వేసి గడియ పెట్టాడు. ముగ్గురం మంచం మీద వరసగా కూర్చున్నాం. కాసేపటికి నేల కదిలింది. అటక మీది గిన్నెలు మోగి ఆగాయి. తలుపు సందులోంచి సన్నటి దుమ్ము లోపలికి వచ్చి వెలుతురులో నిలిచింది.

"గా దినం గుట్ట మీద ఏదో ఒక రాయి సూపిస్తే ఏమవుతుండె?" అంది అక్క. ఇన్నాళ్లలో మొదటిసారి అడిగింది.

"తెల్వదక్కా."

"లెక్క రాలేదా?"

"రాలే."

ఆమె కొంగుతో మొహం మీది దుమ్ము తుడుచుకుంది. బావ గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. కోదాడ ఆటో వెళ్లిపోయే వేళ అవుతోంది. నేను లేచి తలుపు దాకా వెళ్లి గడియ మీద చెయ్యి వేశాను.

"కూసో," అంది అక్క. "రెండోసారి కూయలే."